ఆదివారం ఎవరిదో ముందు తేల్చుకో

హనుమకొండ

బిడ్డా,

నీ నవల నాలుగు అధ్యాయాలూ చదివాను. సంభాషణ బాగా నడుస్తోంది. మూడో అధ్యాయంలో అత్తాకోడళ్లు వడ్లు దంచుతూ పోట్లాడుకునే చోట వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకున్నాను. పొగడ్తలు ఇక్కడితో ఆపి అసలు సంగతికి వస్తాను. నీ చర్చి నాకు నచ్చలేదు.

1930ల నాటి కథ, హనుమకొండకు పది మైళ్ల దూరంలో ఊరు అని రాశావు. ఆ ఊళ్లో చర్చికి రంగుటద్దాల కిటికీలు, వరసగా టేకు బెంచీలు, కొవ్వొత్తుల స్తంభాలు, ఓ మూల పియానో. బాప్తిస్టు పాదిరి సాంబ్రాణి ధూపం వేస్తాడు. ముందు బెంచీలో కలెక్టర్ దొర, ఆయన భార్య. వెనక గోడకు ఆనుకుని మనవాళ్లు. ఇది నువ్వు చూసిన చర్చీ కాదు, నీకెవరూ చెప్పిన చర్చీ కాదు. గోవాలోనో ఊటీలోనో తీసిన సినిమాలోంచి నేరుగా దిగింది.

ముందు ఆ కలెక్టర్‌ను లేపి పంపించెయ్. వరంగల్‌లో ఇంగ్లిష్ కలెక్టర్ ఎక్కడున్నాడు? ఇది నిజాం రాజ్యం. ఇక్కడ సుబేదారు ఉన్నాడు, ఆయన కింద తాలూకాదారు, ఆ కింద తహసీల్దారు. కాగితం ఉర్దూలో నడిచేది. సుబేదారి అనే పేరు ఇప్పటికీ హనుమకొండ ఆటోవాళ్ల నోట్లో ఉంది కదా, అది ఆ కాలం నుంచి వచ్చిందే. గుడి గానీ మసీదు గానీ చర్చి గానీ కట్టాలంటే సర్కారు మతవ్యవహారాల శాఖ అనుమతి కావాలి. తెల్లతోలుకు ఉండే మర్యాద పాదిరికి ఉండేది, కాదనను. హైదరాబాద్‌లో బ్రిటిష్ ప్రతినిధి ఉండే రెసిడెన్సీతో పరిచయం ఉంటే ఆ మర్యాద ఇంకాస్త పెరిగేది. అయినా అర్జీ ఉర్దూలో రాయించుకోక తప్పదు.

నువ్వు రాసిన దృశ్యం సికింద్రాబాద్‌కు సరిపోతుంది. అక్కడ కంటోన్మెంట్ ఉంది. 1813 నాటి సెయింట్ జాన్స్ చర్చి, బొల్లారంలో 1847 నాటి హోలీ ట్రినిటీ, ఇవన్నీ సైన్యం కోసం, దొరల కుటుంబాల కోసం వెలిసినవి. అక్కడ ఆదివారం ఆరాధన అంటే యూనిఫాం, హోదా, ఎవరు ఏ బెంచీలో కూర్చోవాలన్న పట్టింపు. ఇంగ్లండుకు దూరంగా ఉన్నవాళ్లకు ఆ గంటసేపు ఇంగ్లండులో ఉన్నట్టు ఉండేది. రాజుకోసం ప్రార్థన, సైనికుల పేర్లు చెక్కిన గోడపలకలు, ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర పలకరింపులు. వలస జీవితంలో చర్చి పని అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది ఇదే. కానీ నీ కథ అక్కడ లేదు. మన ఊళ్లలో చర్చి చేసిన పని పూర్తిగా వేరు. ఆ తేడా పట్టుకుంటేనే నీ నవలకు ప్రాణం వస్తుంది.

చిన్న సంగతులు కొన్ని గబగబా చెప్తాను, రాసుకో. ఊళ్లో చెలామణీ అయింది హాలీ సిక్కా. బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేవాళ్లు. ఏడు హాలీ రూపాయలిస్తే సుమారు ఆరు కల్దార్లు వచ్చేవి. నీ కానుకల పళ్లెంలో గలగలలాడాల్సింది హాలీ చిల్లర. సర్కారు కాగితాల మీద తేదీ ఫస్లీలో, అంటే నిజాం సర్కారు వాడిన శకంలో ఉంటుంది. అజూర్, దై, బహ్మన్ అంటూ నెలలు. ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో ఇంగ్లండు రాజుకోసం ప్రార్థన ఉంది. దాన్ని వింటున్న కూలివాడి రాజు మాత్రం హైదరాబాద్‌లో ఉన్నాడు, పేరు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఇలాంటి చోట నువ్వు వ్యాఖ్యానం చెయ్యనక్కర్లేదు. ప్రార్థన చదివించు, పక్కన సర్కారు జవాను నిలబడి ఉన్నాడని ఓ మాట రాయి, చాలు.

తర్వాత, నీ ఊరి చర్చి ఏ మిషన్‌దో తేల్చుకో. హనుమకొండలో అమెరికన్ బాప్తిస్టులు 1879లో దిగారు. మెదక్, కరీంనగర్, ఇందూరు (ఇప్పటి నిజామాబాద్) వైపు వెస్లియన్ మెథడిస్టులు. డోర్నకల్ చుట్టుపక్కల ఆంగ్లికన్లు. కాజీపేట వైపు కథోలికులు. 1886లో వరంగల్ దాకా, 1889కల్లా బెజవాడ దాకా వచ్చిన నిజాం రైలు ఈ పటాన్ని చాలావరకు గీసింది. డోర్నకల్ జంక్షన్ కాకపోయి ఉంటే దాని పేరు మనకు తెలిసేదే కాదేమో. ఇల్లెందు బొగ్గు గనుల కూలీలు, రైల్వే కూలీలు, వాళ్ల వెనకే ఉపదేశులు.

మిషన్ మారితే ఆచారం మారుతుంది. బాప్తిస్టులు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. ఎదిగి, తన నోటితో సాక్ష్యం చెప్పాకే, అదీ చెరువులో నిండా ముంచి. వాళ్లకు బిషప్పు లేడు, ధూపం లేదు. ఆంగ్లికన్లు, మెథడిస్టులు పసివాడి నుదుటి మీద నీళ్లు పోస్తారు లేదా చిలకరిస్తారు. కథోలికులు జ్ఞానస్నానం అంటారు, పూజకు వెళ్తామంటారు, ఫాదర్ అంటారు. నీ రెండో అధ్యాయంలో బాప్తిస్టు సంఘంలో ఆరు నెలల పిల్లకు బాప్తిస్మం ఇప్పించి పక్కన బిషప్పును నిలబెట్టావు. ఆ ఇళ్లలో పుట్టినవాళ్లెవరైనా చదివితే అక్కడే పుస్తకం మూసేస్తారు.

ఇప్పుడు ఆదివారం సంగతి. ఈ ఉత్తరం రాస్తున్నదే దీనికోసం.

నిజాం సర్కారు కచేరీలకు సెలవు శుక్రవారం. రైతు అమావాస్యకు నాగలి కట్టడు. ఊరికి వారంలో ఓ రోజు అంగడి. ఆదివారం అనేది వీటిలో ఎక్కడా లేదు. అది మిషన్ తెచ్చిన రోజు. అలాంటి రోజును పాటించడం ఎవరికి సులువు, ఎవరికి కష్టం? జీతగాడికి, వెట్టివాడికి అసలు తనదంటూ ఒక రోజే లేదు. గడీ నుంచి పిలుపు వస్తే పోవాలి. దేశ్‌ముఖ్ బండి వెంట పరిగెత్తాలి, అధికారి వస్తే సామాన్లు మోయాలి, కట్టెలు కొట్టాలి, పక్క ఊరికి చీటీ తీసుకుపోవాలి. కూలి అడిగే మాటే లేదు. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే తలకు పోసుకుని, ఉతికిన ధోవతి కట్టుకుని, 'నేనివాళ రాను, ఇవాళ ఆదివారం' అన్నాడనుకో. ఆ ఒక్క మాటతో ఊరు ఊరంతా కదులుతుంది.

ఒంగోలు వైపు బాప్తిస్టు మిషన్ చరిత్ర చదువు. 1860ల్లో మొదటి మాదిగ విశ్వాసులు చేరినప్పుడు వాళ్ల దగ్గర పట్టుబట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డును తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వింటే మూడూ భక్తికి సంబంధించినవే అనిపిస్తాయి. ఒక్కొక్కటీ ఊరి కట్టుబాట్లలో పెట్టి చూడు. పని చెయ్యొద్దు అంటే వెట్టికి ఎదురు తిరిగినట్టు. చచ్చిన గొడ్డు వద్దంటే, అది మాదిగ ఇంటికి తరతరాల హక్కు కూడాను. దాని తోలుతోనే చెప్పులు, మోట బొక్కెన తొండాలు, వాటికి బదులు కల్లంలో ధాన్యం మేర. గొడ్డును ముట్టనంటే మేర తెగుతుందేమోనన్న భయం, మోట ఆగితే రైతు కోపం. విగ్రహాలకు మొక్కనంటే పోచమ్మ కొలుపులో డప్పు కొట్టనన్నట్టే. డప్పు లేకుండా కొలుపు లేదు. పీర్ల పండుగకూ ఆ డప్పే కావాలి. ఆ యేడు వానలు తప్పినా, కలరా వచ్చినా తప్పు ఎవరి మీద పడుతుందో చెప్పాలా?

నీ నవలలో మాదిగవాడ మీద పటేల్ మనుషులు పడే సన్నివేశం ఉంది. కారణం ఏం రాశావు? 'మా దేవుణ్ని వదిలేసి పరాయి దేవుణ్ని పట్టుకున్నారు' అని పటేల్ చేత డైలాగ్ చెప్పించావు. నన్నడిగితే పటేల్‌కు వీళ్ల దేవుడితో అంత పట్టింపు లేదు. ఎవరికి మొక్కుకుంటే ఆయనకేంటి! ఆదివారం నాడు పొలానికి మనిషి లేడు, రేపు కొలుపుకు డప్పు లేదు, గొడ్డు వాకిట్లోనే కుళ్లిపోతోంది. ఆయన కోపం అక్కడ పుట్టాలి. దేవుడి పేరు ఆ తర్వాత వస్తుంది, నలుగురిలో చెప్పుకోవడానికి. ఆ సన్నివేశం కుళ్లుతున్న గొడ్డుతో మొదలుపెట్టి చూడు. వాసన రాయి. ఈగలు రాయి. దాన్ని ఎవరు ఈడ్చుకెళ్లాలని చావడి దగ్గర జరిగిన వాదన రాయి. ఎద్దు మీ ఊరి పటేల్‌ది, చచ్చింది శనివారం రాత్రి.

ఒక హెచ్చరిక. దీన్నంతా విమోచన కథగా మాత్రం రాసెయ్యకు. ఆదివారం పని మానేసినవాడి ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగని రోజులున్నాయి. డప్పు వదిలినవాడు ఆ డప్పుతో పాటు ఒక విద్యను, వరసలను, దరువులను వదులుకున్నాడు. కొంతమంది రహస్యంగా ఉంచుకున్నారు కూడా. చావు జరిగితే మతం మారని బంధువులు డప్పుతో వస్తారు, సంఘపెద్దలు కీర్తనల పుస్తకంతో వస్తారు, శవం దగ్గర ఇద్దరికీ మాటా మాటా వస్తుంది. వలస కాలపు చర్చి గురించి ఎన్ని సిద్ధాంతాలు చదివినా ఆ రాత్రి వాకిట్లో జరిగిన వాదనంత చెప్పవు. తన తండ్రి చావుకు డప్పు వద్దన్న కొడుకు ఒకడు నీ కథలో ఉండాలని నా కోరిక. నీ కథ, నీ ఇష్టం.

బాప్తిస్మం గురించి రాసేటప్పుడు నీకు అంకెల మీద మోజు కనిపించింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి తెచ్చి నీ ఊరి చెరువులో పెట్టావు. అది ఒంగోలు సంగతి, గొప్ప కరువు నాటిది, అక్కడే ఉంచు. కావాలంటే మీ ఊరి ముసలి పాస్టరు తాను విన్న కథగా చెప్పుకోవచ్చు. అయితే అందులో ఒక విషయం నీకు పనికొస్తుంది. కరువు పనులు నడిచినన్నాళ్లూ అక్కడి అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేశాడు, గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని. ఆ రోజున కూడా నీళ్లలో దిగి ముంచింది ఆయన కాదు, తెలుగు బోధకులే, వంతులవారీగా. ఫొటోల్లో తెల్లవాడు మధ్యలో ఉంటాడు కాబట్టి కథలో కూడా మధ్యలో పెడతాం. నీటిలో ఉన్న చేతులు మాత్రం మనవాళ్లవి. నీ పాదిరి దొరను కాస్త పక్కకు జరుపు. ఊరూరా నడిచి పాఠం చెప్పిన ఉపదేశి, ఇళ్లలోకి వెళ్లి ఆడవాళ్లకు అక్షరాలు నేర్పిన బైబిల్ స్త్రీ, వీళ్లు కదా ఆ మతానికి ఊళ్లో కాళ్లూ చేతులూ. మిషన్ రిపోర్టుల్లో చాలాసార్లు వీళ్లకు పేర్లు కూడా ఉండవు. పేరు పెట్టే అవకాశం నవల రాసేవాళ్లకే ఉంది.

డోర్నకల్‌లో అజరయ్య బిషప్పు ఓ పద్ధతి పెట్టాడు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లు తమ తల మీద తామే చెయ్యి పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలకాలి. ఇది ఒక్కసారి ఊహించు. పెద్దమనిషి ఎదురైతే తలగుడ్డ తీసి చంకలో పెట్టుకోవాల్సిన మనిషి. తల వంచడం తప్ప ఆ తలతో వేరే పని లేని మనిషి. ఇప్పుడు పదిమందిలో నిలబడి, తల ఎత్తి, తన చెయ్యి తానే పెట్టుకుంటున్నాడు. వేదాంతం ఏమైనా కానీ, శరీరానికి అది కొత్త అలవాటు. నువ్వు ఇలాంటివి పట్టుకోవాలి. నిలబడటం, కూర్చోవడం, చెప్పులేసుకుని లోపలికి రావచ్చా లేదా, తల మీద కొంగు, ఎవరి పక్కన ఎవరు. పూజా విధానాన్ని దాని పుస్తకంలో కంటే మోకాళ్లలో, భుజాల్లో వెతుకు.

అజరయ్య గురించి చెప్పకుండా వరంగల్ జిల్లా చర్చి గురించి రాయలేవు. తిరునల్వేలి తమిళుడు. 1909లో డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో తెల్లవాళ్ల ముఖం మీదే చెప్పాడు: మీరు త్యాగాలు చేశారు, సొమ్మిచ్చారు, మాకు కావలసింది స్నేహితులు అని. ఆ మాట వెనక ఎంత అవమానం ఉండి ఉంటుందో ఆలోచించు. బంగళాలోకి పిలిచి కుర్చీ వెయ్యని దొరలు, కలిసి భోజనం చెయ్యని దొరసానులు. నీ నవల్లో తెల్ల పాదిరి అయితే దేవదూత, లేకపోతే దొంగ. మధ్య మనిషి ఎక్కడ? ఊరివాళ్ల పుండ్లు కడుగుతాడు, అదే మనిషి తన ఉపదేశికి మాత్రం వరండాలోనే టీ పోయిస్తాడు. అలాంటివాణ్ని రాయి. డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు ఆసుపత్రి పెట్టి, 1932లో చనిపోయేదాకా అదే పని చేసిన ఇసబెల్ కెర్ లాంటి డాక్టరమ్మలు ఉన్నారు. దానికి ధనసాయం చేసింది నిజామాబాద్ హిందూ దాత నర్సాగౌడ్. ఇలాంటివి కలిస్తేనే అది మన ప్రాంతం అవుతుంది.

ప్రభు బల్ల, అదే రొట్టె, ద్రాక్షరసం అందరూ పంచుకునే ఆరాధన, దాని సంగతి నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. ఎందుకు బిడ్డా? ఆ కాలపు ఊళ్లో ఒకే గిన్నెలోంచి మాల, మాదిగ, అప్పుడప్పుడు చేరిన శూద్ర కుటుంబం తాగడమంటే మాటలా? అజరయ్య సంఘంలో కులం ఉండకూడదని గట్టిగా పట్టుబట్టాడు. అయినా చాలా చోట్ల మాల సంఘం వేరు, మాదిగ సంఘం వేరుగానే నడిచాయి. ఇప్పటికీ ఎక్కడ వేరుగా ఉన్నాయో నీకూ తెలుసు, నాకూ తెలుసు. గిన్నె తన దగ్గరికి వచ్చినప్పుడు ముందువాడి పెదవి ఆనిన చోటు చూసి, దాన్ని కాస్త తిప్పి పట్టుకున్న చెయ్యి ఒకటి రాయి. ఎవరూ ఏమీ అనరు. కీర్తన ఆగదు. తిప్పినవాడు ఎవరో, అది చూసినవాడు ఎవరో నువ్వే తేల్చుకో. ఆ చిన్న కదలికను నీ పాఠకుడు పట్టుకుంటే తర్వాత మూడు పేజీల ఉపన్యాసం రాయక్కర్లేదు. ప్రస్తుతం అది నీ నాలుగో అధ్యాయంలో ఉంది, తీసెయ్.

ఇప్పుడు కాస్త సంతోషమైన సంగతి. మా అమ్మమ్మ ఉపదేశి భార్య. పొద్దున, రాత్రి ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి గూట్లో ఉన్న చిన్న కుండలో వేసేది. ఇంట్లో బియ్యం ఎంత ఉన్నాయన్న లెక్క లేదు, గుప్పెడు మాత్రం దేవుడిది. జొన్నలు వండే ఇంట్లో జొన్నలే. ఆదివారం ఆ కుండలన్నీ చర్చి చాప మీద గుమ్మరించేవాళ్లు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, జొన్నలు, రాళ్లూ కలిసిన రంగురంగుల కుప్ప. అందులోంచే పాస్టరు ఇంటికి కొంత, బీదలకు కొంత. మిషన్ డబ్బుతో నడిచే చర్చి, కల్దార్ జీతాల చర్చి అని మనం తేలిగ్గా అనేస్తాం. ఊళ్లో చర్చిని నిలబెట్టినదాంట్లో ఈ గుప్పెళ్లు చాలా ఉన్నాయి. ఒక పూట తినడానికే లేని ఆడది దాత అయింది. అంతవరకు ఆమె అన్నీ అడుక్కునే మనిషే ఊరి లెక్కలో.

కోతల పండుగ ఇంకా రంజుగా ఉంటుంది. నువ్వు క్రిస్మస్ రాశావు, అందరూ క్రిస్మసే రాస్తారు. కోతలయ్యాక జరిగే పండుగ రాయి. మొదటి వరికంకులు కట్టగట్టి గుమ్మానికి వేలాడదీస్తారు. గుమ్మడికాయలు, సొరకాయలు, మక్క కంకులు, పాలు, గుడ్లు, కాళ్లు కట్టిన కోళ్లు, ఒక్కోసారి మేకపిల్ల కూడా బల్ల ముందు చేరతాయి. ప్రార్థన మధ్యలో కోడి అరుస్తుంది, పిల్లలు నవ్వుతారు, పెద్దాయన గుడ్లురుముతాడు. ఆరాధన అయ్యాక వేలం. సంఘపెద్ద గుమ్మడికాయ ఎత్తి పట్టుకుని ఒకటోసారి, రెండోసారి అంటూ పాడతాడు. రెండణాల కాయ రూపాయి దాకా పోతుంది, ఎందుకంటే వియ్యంకులిద్దరికీ పంతం. ఎవరిదో కోడిని వాళ్ల చిన్నబ్బాయి ఏడుస్తుంటే తండ్రే మళ్లీ పాడుకుని ఇంటికి తీసుకుపోతాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన కోతల ఆరాధన మన కల్లంలో పడి ఇలా తయారైంది. పోచమ్మకు మొదటి పంట చూపించే అలవాటున్న జనానికి ఇది కొత్తగా నేర్పాల్సిన పని కాలేదు.

ఇలాంటి కలబోతను అజరయ్య రాతితోనే కట్టించాడు. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథడ్రల్‌కు వెళ్లి ఓ పూట కూర్చో. మసీదును గుర్తుచేసే గుమ్మటాలు, గుడి మండపాన్ని గుర్తుచేసే స్తంభాలు, మీద శిలువ. నిజాం రాజ్యంలో, కాకతీయుల నేల మీద, ఇంగ్లిష్ సంఘానికి తమిళ బిషప్పు కట్టించిన తెలుగు గుడి. నాకు మెదక్ కెథడ్రల్ కంటే ఇదే ఇష్టం. మెదక్ అందం వేరు. 1914లో మొదలై 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ, 175 అడుగుల గోపురం, కరువులో తిండికి పని కల్పించి వెస్లియన్ మిషనరీ పోస్నెట్ దొర కట్టించిన కథ. కానీ అది ఇంగ్లండును గుర్తుచేస్తుంది. అన్నట్టు నీ నాయిక 1931లో మెదక్‌లో శిలువ వేసిన దృశ్యం ఉన్న రంగుటద్దం చూసి ఏడుస్తుంది. 1927లో అక్కడ పెట్టింది ఆరోహణ దృశ్యం, యేసు పరలోకానికి ఎక్కిపోయేది. శిలువ అద్దం వచ్చేసరికి 1958. ఏడవాల్సిందే అయితే ఆరోహణం చూసి ఏడిపించు, అప్పుడు కారణం వెతకాల్సి వస్తుంది, అది కథకు మంచిది.

పరిశోధన ఎలా చెయ్యాలని అడిగావు. మిషన్ రిపోర్టులు చదువు, అయితే అవి ఎవరికోసం రాశారో మరిచిపోకు. చందాలిచ్చేవాళ్లకోసం. అందుకే వాటిలో బాప్తిస్మాల లెక్కలు ఎక్కువ, వెనక్కి వెళ్లిపోయినవాళ్ల సంగతి తక్కువ. పాత సంఘాల్లో బాప్తిస్మాల, పెళ్లిళ్ల, సమాధుల పుస్తకాలు ఉంటాయి. పాస్టర్లను మర్యాదగా అడిగితే చూపిస్తారు. చీడ తిన్న ఆ పేజీల్లో ఒకే ఇంట్లో నాయన పేరు ఎల్లయ్య, కొడుకు పేరు యోహాను, మనవడి పేరు మళ్లీ ఎల్లయ్య అని కనిపిస్తే అక్కడ ఆగు, దాని వెనక ఏదో కథ ఉంది. ముసలమ్మల దగ్గర కూర్చో. 'మీరెందుకు మతం మారారు' అని మాత్రం అడగకు. ఆ ప్రశ్నకు వాళ్లు ఎప్పుడో ఒక జవాబు తయారుచేసి పెట్టుకున్నారు, అదే అప్పజెప్తారు. బతుకమ్మ ఆడేటప్పుడు మీరెక్కడ నిలబడేవాళ్లు, పెళ్లిలో పుస్తె ఎవరు కట్టారు, ఉంగరం ఎక్కడ కొన్నారు, ఆదివారం ఏం కూర అని అడుగు. ఒకామె నాతో అంది, 'బతుకమ్మ పాటలన్నీ నాకొచ్చు, చప్పట్లు మాత్రం కొంగులో కొట్టేదాన్ని' అని. ఇలాంటి మాట ఇంట్లో కూర్చుంటే దొరకదు.

పాటలు విను. మన క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం వేసి ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దపు పురుషోత్తమ చౌదరి లాంటివాళ్లు తెలుగు పద్యం, కీర్తన బాగా వచ్చినవాళ్లు. నీ చర్చిలో పియానో తీసేసి ఓ హార్మోనియం పెట్టు, అదీ లేకపోతే తాళాలు, కంజీర. పల్లెలో చదువురానివాళ్లు వాక్యాన్ని పాటగానే నేర్చుకున్నారు. నేర్పినవాడు ఒక చరణం అంటే వీళ్లు అంటారు. రాత్రి పని అయ్యాక, దీపం బుడ్డి దగ్గర.

చివరి అధ్యాయం 1947 ఆగస్టు 15న జెండాతో ముగిస్తానన్నావు. వద్దు. వరంగల్‌లో ఆ రోజు స్వాతంత్ర్యం రాలేదు. అంతకంటే మంచి తేదీ నీ చేతిలోనే ఉంది. ఆ ఏడు సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు తదితరులు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. మెదక్, డోర్నకల్ అందులో చేరాయి, బాప్తిస్టులు చేరలేదు. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది 1948 సెప్టెంబర్ 17న. అంటే దాదాపు ఏడాది పాటు డోర్నకల్ విశ్వాసి సంఘం ప్రకారం స్వతంత్ర భారతీయుడు, రాజ్యం ప్రకారం నిజాం ప్రజ. బయట రజాకార్లు, అడవుల్లో కమ్యూనిస్టు దళాలు. సంఘం సెప్టెంబర్‌లో మారింది, వెట్టి మారలేదు. మీ ఊరు బాప్తిస్టులది కాబట్టి నాయిక మేనత్తను డోర్నకల్ వైపు ఇచ్చినట్టు పెట్టుకుంటే రెండు వైపులా తిరగొచ్చు.

ముందు ఆ గొడ్డు సన్నివేశం రాసి పంపు. మిగతావి తర్వాత చూద్దాం. వచ్చే నెల డోర్నకల్ వెళ్తావంటే పొద్దుటి ప్యాసింజర్‌కు వెళ్లు, ఆదివారం ఆరాధన మొదటి గంటకే లోపల ఉండు, వెనక వరసలో ఆడవాళ్ల వైపు కూర్చో. కెమెరా తీయకు. వచ్చాక ఫోన్ చెయ్యి, సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ మేడం